పాలపోటీలో దూడ

ఈ రోజు పటాన్‌చెరులో పశువిజ్ఞాన సంఘం వార్షిక సభ జరిగింది. ఏడాదంతా చేసిన పనిని కార్యదర్శి గంటసేపు ఇంగ్లీషులో చదివారు. తరువాత పాలపోటీ. గెలిచిన బర్రెకు దాణా బస్తా ఇస్తారు.

ఇస్నాపూర్ మరియమ్మ దానికోసమే తన బర్రెను, దూడను తెల్లారకముందే నడిపించుకొచ్చింది. ఫోటోకు అడ్డమని ఎవరో దూడను దూరంగా కట్టేశారు. దూడ లేక బర్రె ఒక్క చుక్కా వదల్లేదు. “పాలు లేవు” అని రాసుకోబోయారు పరీక్షకులు.

సభ చూడ్డానికి వచ్చిన నాకు మండిపోయింది. బల్ల ఎక్కి, రైతును అవమానించే విజ్ఞానం మాకొద్దంటూ రైతు సంఘాల కరపత్రాల్లో చదివిందంతా అరిచాను.

మరియమ్మ నా చొక్కా పట్టి లాగింది. “జెర ఆగు బిడ్డా! నీ లొల్లికి బర్రె ఇంకింత బెదురుతున్నది. పొయ్యి దూడను ఇడువు.”

నేను దిగేలోపే సంఘం అధ్యక్షుడైన ముసలి పశువుల డాక్టరుగారు తానే వెళ్లి ముడి విప్పారు. “ఇంత చదివి దీన్నే మర్చిపోయినం తల్లీ” అన్నారు. దూడ ఉరికింది. బకెట్ నిండింది.

ఆమె గెలిచిన దాణా బస్తాను ఇస్నాపూర్ పోయే బండి దాకా మోసింది నేనే. సంఘం నివేదికలో దూడ లేదు, నా ఉపన్యాసంలోనూ లేదు. మీకైతే ముందే తట్టేదా? ఈ గోడపత్రిక కింద నిజం రాయండి, పెన్సిల్ అక్కడే కట్టి ఉంది.