ఫ్రిజ్ మీద సముద్రం

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చేపలమ్మి బతికినదాన్ని. తెల్లవారకముందే సమాధుల పక్కనుంచి బుట్ట నెత్తిన పెట్టుకుని పోయేదాన్ని. నన్నేదీ పట్టుకోలేదు. ఎవరైనా అలాంటి కథ చెబితే పనిలేక చెబుతున్నారనేదాన్ని. ఇప్పుడు నేనే రాస్తున్నాను, ఏమనుకుంటారో మీ ఇష్టం.

మాది బందరు దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. సునామీ వచ్చిన ఆదివారం చర్చికి తయారవుతుంటే సముద్రం వెనక్కి పోయింది. ఇసుకలో చేపలు కొట్టుకుంటున్నాయి. గుమ్మంలో నిలబడ్డ మా చెల్లెలు రూతుతో, "చూస్తావేంటే, బుట్ట తీసుకుని పో" అన్నాను. పోయింది. మళ్ళీ రాలేదు. తర్వాత ఆఫీసువాళ్ళు ఒక జాబితా తెచ్చి, దాని పేరుకు ఎదురుగా నా వేలిముద్ర వేయించుకున్నారు. చదవడం రాక, అందులో రూతు పేరు ఎక్కడుందో నాకు తెలియలేదు. అందుకే యాభై దాటాక చర్చిలో అక్షరాలు నేర్చుకున్నాను. సముద్రం మొహం మాత్రం మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు జర్మనీలో, కార్ల్స్‌రూహెలో కూతురు సునీత దగ్గర ఉంటున్నాను. ఇక్కడ ట్రాములున్నాయి, సముద్రం లేదు. నాకు హాయి.

పోయిన వేసవిలో సునీతకూ అల్లుడికీ ఒకేసారి ఉర్లౌబ్, అదే ఆఫీసు సెలవు, దొరికింది. పోర్చుగల్ దక్షిణాన అల్గార్వ్ అనే తీరానికి సెలవులకు పోదామనుకున్నారు. అల్లుడు ప్రభాకర్ అన్నం ముందు కూర్చుంటే చాలు, ఆ ఊసే. ఆ పేరు అరబ్బులు పెట్టిందట, పడమర అని అర్థమట. ఎప్పుడు చూసినా ఎండేనట. పసుపురంగు కొండలు నిలువునా కోసినట్టు ఇసుక మీదికి దిగుతాయట. ఒకప్పుడు పెద్ద భూకంపం వచ్చి, సముద్రం వెనక్కి పోయి, తిరిగొచ్చి ఊళ్ళను ముంచేసిందట.

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. సునీత అతని వైపు కళ్ళెర్రజేసింది.

"రెండొందల యాభై ఏళ్ళ పైమాటండీ అత్తయ్యా, ఇప్పుడేం కాదు. మీరూ రండి, సార్డీన్లు నిప్పుల మీద కాల్చి పెడతారు."

"కాల్చిన చేప కోసం నేను పోర్చుగల్ పోవాలా బాబూ?" అన్నాను.

వాళ్ళు దిగబోయే చోటు ఫొటో ఒకటి కాగితం మీద తీసి, ఫ్రిజ్‌కు అయస్కాంతంతో అంటించాడు. కొండ, దాని పక్కన ఏదో బోర్డు, ఇసుక, నీళ్ళు. మనుషులు లేరు. కూర తరుగుతూ రోజూ దాన్నే చూసేదాన్ని. సముద్రం మీద బతికే మా వాళ్ళ కళ్ళు ముందు ఇసుక తడి అంచు మీదికే పోతాయి. ఎందుకో పెన్సిలు తీసి ఆ అంచున చిన్న గీత గీసి, పక్కన తారీఖు వేశాను.

వారం తర్వాత ఆ గీత పొడి ఇసుకలో ఉంది. నీళ్ళు గోరంత కిందికి పోయాయి. ఇంకో గీత గీశాను. నాలుగు రోజులకు అదీ పొడిగా మిగిలింది. మూడోదీ అంతే.

అల్లుడికి చూపిస్తే పొయ్యి వేడికి రంగు వెలిసిందన్నాడు. తొమ్మిదేళ్ళ మనవరాలు నిస్సీ మాత్రం దగ్గరగా చూసి, "అమ్మమ్మా, నీళ్ళు వెళ్ళిపోతున్నాయి" అంది.

ప్రయాణం మానమన్నాను. సునీత ఏడ్చింది కానీ మానలేదు. నాకు మోకాళ్ళ నొప్పులు, పైగా సముద్రం. నేను కదల్లేదు. నిస్సీని కూర్చోబెట్టి ప్రార్థన చేసి మాట తీసుకున్నాను. "నీళ్ళ దగ్గరకు పోవద్దు. కొండను ఆనుకునే కూర్చో." యా, యా అంది.

వాళ్ళు పోయిన మూడో రోజు, మిట్టమధ్యాహ్నం. వంటింట్లో నేనొక్కదాన్నే. ఫొటోలో నీళ్ళు లేవు, కింది అంచు దాకా ఇసుకే. ఆ ఇసుకలో బియ్యపుగింజంత మనిషి. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. చీర మోకాళ్ళ పైకి దోపుకుని ఉంది. చంకలో బుట్ట. ఒక చెయ్యి పైకెత్తి ఉంది.

"రూతూ, పైకి రావే" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కుర్చీలో కూలబడ్డాను.

గంట తర్వాత సునీత ఫోను. కొండ అంచు విరిగి పడిందట. నిస్సీ తువాలు పరుచుకున్న చోటే.

"నువ్వు చెప్పావని కొండ కిందే కూర్చుందమ్మా. ఎంత పిలిచినా రాలేదు. ఉన్నట్టుండి లేచి నీళ్ళ వైపు పరిగెత్తింది. లేకపోతే..."

ఫొటోలోని ఆ బోర్డు కొండ కింద ఎవరూ కూర్చోకూడదని పెట్టినదేనట. నెల రోజులు రోజూ చూశాను. ఆ అక్షరాలు మనవి కావులే అని వదిలేశాను. పిల్లను నేనే అక్కడ కూర్చోబెట్టాను.

నిస్సీ ఇంటికొచ్చాక చెప్పింది. ఒకావిడ చెయ్యి ఊపి పిలిచిందట. నీలాంటి చీరే అమ్మమ్మా, ఇలా పైకి దోపుకుంది అని తన గౌను ఎత్తి చూపించింది. ఇంకెవరూ ఆమెను చూడలేదు. ఆ రోజు సముద్రం ఎక్కడికీ పోలేదని, ఎప్పటిలాగే ఉందని అల్లుడన్నాడు.

ఆ ఫొటో ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. నీళ్ళు తిరిగొచ్చాయి. నా మూడు గీతలూ, తారీఖులూ ఇప్పుడు నీళ్ళ లోపల కనిపిస్తున్నాయి. వేడికి వెలిసిన రంగు మళ్ళీ ఎలా వచ్చిందని అడిగితే అల్లుడు ఆ గీతల మీద వేలితో రుద్ది చూశాడు. మనిషి మాత్రం అందులో లేదు.

నేను రూతును నీళ్ళ వైపు పంపాను. అది నా పిల్లను నీళ్ళ వైపు పిలిచింది. ఇంతకన్నా చెప్పడం నాకు చేతకాదు.

నిస్సీని ఒక్కటే అడిగాను, ఆవిడ బుట్టలో చేపలున్నాయా అని.

"లేవు అమ్మమ్మా. ఖాళీ."

నేను పంపినప్పుడూ ఖాళీ బుట్టే.