దోన్యా సతుర్నీనా గుర్తుపట్టిన తాళంచెవి

కొచబాంబా ఊరి పెద్ద సంతలో, చెప్పుల వరస దుప్పట్ల వరసలోకి తిరిగే మలుపు దగ్గర, రెండడుగుల బల్ల వెనక దోన్యా సతుర్నీనా ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చుంది. ఆమె వీపు వెనక చెక్కకు కొట్టిన మేకుల నిండా ఇంకా పళ్ళు కోయని తాళంచెవులు గుత్తులుగా వేలాడేవి. వాటిని ఆమె బోడి చెవులనేది. నాలుగు వందల రకాలకు తక్కువుండవు. ఎవరైనా తాళంకప్ప తెచ్చి బల్లమీద పెడితే, దాని కన్నాన్ని వెలుగుకేసి తిప్పి ఒక్క చూపు చూసేది. లోపల ఎడమవైపు గట్టు ఎంత ఎత్తులో ఉంది, కుడివైపు ఎన్ని ఉన్నాయి, అడుగున వంపు తిరిగిందా లేదా, అంతే. వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి, ఆ గట్లకు సరిపడే గాడులున్న బోడి చెవిని మేకు మీంచి తీసేది.

"పైన అచ్చేసిన పేరు నాకు చదివి వినిపించకు కసేరా," అనేది. బేరానికొచ్చినవాళ్ళందరూ ఆమెకు కసేరాలే. "పేరు ఎవడైనా వేస్తాడు. ఇటు తే, లోపల చూడనీ."

దుప్పట్లమ్మే తొరీబియో తెచ్చిన తాళంకప్ప ఒక్కటే ఆమెను తికమక పెట్టింది. అది వాళ్ళ నాన్న వాడిన పాత ఇత్తడి కప్ప. ఉన్న ఒక్క చెవీ అరిగి అరిగి రెండు ముక్కలైంది. దాని కన్నంలో గట్లన్నీ మామూలుగా ఉండాల్సిన వైపుకు ఎదురు వైపున ఉన్నాయి. నాలుగు వందల్లో ఒక్కటీ దూరలేదు.

"కొత్తది కొనుక్కోవయ్యా తొరీబియో. దీనికి చెవి చేసే పాటికి నాకు తల నెరుస్తుంది."

"నెరవడానికింకా ఏం మిగిలిందమ్మా!" అని నవ్వాడతను. "మా నాన్న కప్ప పారేశాననుకో, ఆయన కల్లోకొచ్చి బెల్టుతో కొడతాడు. బతికున్నప్పుడు తిన్నవి చాలు."

దగ్గరి పోలికున్న బోడి చెవి ఒకటి తీసి, పాత గాడుల్ని వదిలేసి, అవతలి వైపున సన్నటి ఆకురాయితో కొత్త గాడి తీసింది. చిన్నప్పుడు కుడి బొటనవేలు యంత్రంలో నలిగింది కాబట్టి ఆమె ఆకురాయిని ఎడమచేత్తో పడుతుంది. అందుకే ఆమె తీసిన గాడి చివర కొంచెం పక్కకు ఒరుగుతుంది. ఆ పని మూడు సాయంకాలాలు పట్టింది. అలాంటి చెవి ఆమె మళ్ళీ చెయ్యలేదు.

తొరీబియో భార్య ఇలారియా. వాళ్ళ పిల్లకు జ్ఞానస్నానమప్పుడు దైవసాక్షిగా నిలబడ్డ తల్లి సతుర్నీనా. అప్పట్నుంచీ ఆడవాళ్ళిద్దరూ ఒకరినొకరు కొమాద్రె అని పిలుచుకునేవారు. మధ్యాహ్నం ఒకే గిన్నెలో సూపు తాగేవారు.

ఆ ఆగస్టులో ఒక ఆదివారం తెల్లవారుతుండగా దుప్పట్ల వరస అంటుకుంది. వానల్లేని కాలం, పొడిగాలి. మంట రేకుల కింద పరుగెత్తింది. ఎనిమిదింటికల్లా రెండు వరసలు బూడిదయ్యాయి. సతుర్నీనా బల్ల ఒక్క గజం దూరంలో మిగిలిపోయింది.

బూడిదలో ఒక మగమనిషి శవం దొరికింది. ఎవరో పోల్చుకునే వీల్లేదు. ఎముకల్ని చూసి మనిషిని చెప్పే పరీక్షలు అప్పటికి ఆ ఊళ్ళో లేవు. తోపుడుబండి లాగే ఎల్మెర్ అనే కుర్రాడు ఆ తెల్లవారుజామునుంచే కనిపించడం లేదు. అతని తల్లి దొమితీలా శవాల గది మెట్ల మీద కూర్చుని, వాడు నా కొడుకే, నాకిచ్చేయండి, పాతిపెట్టుకుంటానని మూడు రోజులుగా ఏడుస్తోంది.

బుధవారం ప్రాసిక్యూటర్ గుమాస్తా లెదెస్మా సతుర్నీనా బల్ల దగ్గరికొచ్చి ఒక ప్లాస్టిక్ సంచి పెట్టాడు.

"శవం కింద దొరికింది, దోన్యా. ఎల్మెర్ బండికి తాళం వేసేవాడంట. ఇది బండి తాళానిదేనని మీరంటే, రేపే ఆ తల్లికి శవాన్ని అప్పగించేస్తాం."

సంచిలో ఒక చెవి. నల్లబడింది గానీ కరగలేదు. ఆమె దాన్ని కొంగుతో తుడిచి వెలుగుకు పట్టుకుంది. గాడులు ఎదురు వైపున ఉన్నాయి. చివర కొంచెం ఒరిగి ఉంది.

దాన్ని మళ్ళీ సంచిలో పెట్టేసింది. "రేపు చెప్తాను బాబూ," అంది. "మసి పట్టింది. కళ్ళు సరిగ్గా ఆనడం లేదు."

తొరీబియో శనివారమే తమ్ముడి దగ్గరికి సాంతా క్రూస్ వెళ్ళాడని ఇలారియా అందరికీ చెప్పింది. దుకాణం కాలిపోయినా మనిషి దక్కాడని వాడకట్టంతా ఆమెను ఓదార్చింది. ఆ మధ్యాహ్నం సతుర్నీనా వాళ్ళింటికి వెళ్ళేసరికి ఇలారియా పెరట్లో బంగాళాదుంపలు చెక్కుతోంది. సతుర్నీనా ముఖం చూసి కత్తి కింద పెట్టింది.

"చెప్పకు కొమాద్రె."

"ఆ శవం కింద దొరికిన చెవి నేను చేసిందే, ఇలారియా."

"చెప్పొద్దన్నానా!" ఇలారియా లేచి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "శనివారం తాగొచ్చాడు. నేనే తలుపు తియ్యలేదు. పో, పోయి నీ దుప్పట్లలోనే పడుకోమన్నాను. తెలిసిందా? నేనే అన్నాను. వాడు సాంతా క్రూస్ పోయాడు. నన్నొదిలేసి పోయాడు. ఇంకోదాన్ని కట్టుకున్నాడు. అలాగే ఉండనీ. జనం నవ్వినా నవ్వనీ. నిన్ను కాళ్ళు పట్టుకుని అడుగుతున్నా, అది ఎల్మెర్‌దని చెప్పేయ్. ఆ ముసల్దానికి ఏడవడానికో సమాధి దొరుకుతుంది. నాకు వాడు ఎక్కడో అక్కడ బతికుంటాడు."

లోపల్నుంచి పిల్ల ఎవరొచ్చారని అడిగింది. ఎవరూ లేరంది ఇలారియా.

మర్నాడు పొద్దున ఆఫీసుకెళ్ళేదాకా ఏం చెప్పాలో సతుర్నీనా తేల్చుకోలేదు. వరండాలో దొమితీలా కూర్చుని ఉంది. ఒళ్ళో ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, కొత్త మేజోళ్ళు.

"పాదాలు చల్లబడితే వాడికి నిద్ర పట్టదు, దోన్యా," అందామె. "ఇవి నన్ను తొడగనిస్తారా, మీరేమన్నా అడిగి చెప్తారా?"

ఆ మేజోళ్ళు చూశాక సతుర్నీనా లోపలికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. లెదెస్మా బూడిదలో ఏరిన కప్పల గోనెసంచి తెప్పించాడు. అరవై పైగా ఉన్నాయి. ఆమె ఒక్కొక్కదాని కన్నంలోని మసి పిన్నీసుతో గీకి, లోపల చూసి పక్కన పెడుతూ పోయింది. ఇత్తడి కప్ప నలభయ్యో దాని తర్వాత వచ్చింది. స్ప్రింగు చచ్చిపోయి చెవి తిరగలేదు గానీ, గట్లకూ గాడులకూ వెంట్రుకవాసి తేడా లేకుండా మొదలంటా దూరింది. అప్పుడామె దాన్ని అలాగే పట్టుకుని ఏడ్చింది.

ఎల్మెర్ తొమ్మిదో రోజున చెప్పుల వరసలో కూలిన గోడ కింద శవమై దొరికాడు. దొమితీలా మేజోళ్ళు అతని కాళ్ళకే వేయించింది. ఆ తల్లి సతుర్నీనాకు దణ్ణం పెట్టింది. తొరీబియోను పాతిపెట్టినప్పుడు మాత్రం ఇలారియా శ్మశానంలో అందరి ముందూ అంది:

"నీ నోటికి ఒక్క అబద్ధం రాలేదా? ఒక్కటి?"

ఆ తర్వాత సతుర్నీనాతో మాట్లాడలేదు. సంతకు అవతలి చివర కొత్త దుకాణం పెట్టుకుని, కొత్త కప్ప కొనుక్కుని, దానికి రెండో చెవి వేరే వాళ్ళ దగ్గర చేయించుకుంది. సతుర్నీనా మధ్యాహ్నాలు సూపు ఒక్కతే తాగేది. ఇత్తడి కప్పలు తెచ్చినవాళ్ళను కొన్నాళ్ళు పని లేదని పంపేసేది.

నవంబరులో చచ్చిపోయినవాళ్ళ పండుగ వచ్చింది. ఆ ఏడు పోయినవాళ్ళ ఇళ్ళలో బల్ల వేసి, రొట్టెలూ పళ్ళూ చిచా అనే మొక్కజొన్న కల్లు కుండా పేర్చి, వచ్చి ప్రార్థన చేసినవాళ్ళకు పంచుతారు. గుమ్మంలోకి ఎవరొచ్చినా కాదనకూడదు. సతుర్నీనా ఇలారియా గుమ్మం ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచి, చివరికి లోపలికెళ్ళింది. తొరీబియో ఫోటో ముందు మోకాళ్ళమీద కూర్చుని మూడు ప్రార్థనలు చెప్పింది. మూడోదాని మధ్యలో మాటలు మర్చిపోతే, పక్కనున్న పిల్ల అందించింది.

ఇలారియా వరసలో అందరికీ పంచుతూ వచ్చింది. ఆమె ముందు ఆగింది. ముఖం చూడలేదు. ఒక రొట్టె చేతిలో పెట్టి పక్క మనిషి దగ్గరికి వెళ్ళిపోయింది.

సతుర్నీనా ఆ రొట్టె ఇంటికి తెచ్చి గుడ్డలో చుట్టి అలమరలో పెట్టింది. తినబుద్ధి కాలేదు, పారెయ్యలేకపోయింది. నాలుగో రోజుకు రాయిలా గట్టిపడింది. టీ కాచుకుని, అందులో నానబెట్టుకుని, ముక్క మిగల్చకుండా తినేసింది.