డబ్బాలో రాసిన అక్షరం

మొన్న పొద్దున కాఫీ తాగుతూ ఫోన్ తెరిస్తే, ఇథియోపియా నుంచి ఒక పసిపాప ఫోటో వచ్చింది. కింద పాప పేరు, వాళ్ళ లిపిలో. చదవడం రాకపోయినా చివరి అక్షరం దగ్గర నా చూపు ఆగిపోయింది. ఆ అక్షరం నాకు బాగా తెలుసు. దాని విషయంలో ఒకప్పుడు నేను చేసిన ఘనకార్యం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఫోటో పంపినతను కర్నూలులో మా మేడమీది రేకుల గదిలో అద్దెకుండి చదువుకున్నాడు. మూడేళ్ళలో మా యాసంతా పట్టేశాడు. మా ఇంటావిడ పోసే దోసెలంటే అతనికి ప్రాణం. పిండి ఎంత పులిస్తే అంత ఇష్టం, వాళ్ళమ్మ చేసే రొట్టె అచ్చం అలాగే ఉంటుందట. పులిసిపోయిన పిండిని మెచ్చుకునే మనిషి ఇన్నాళ్ళకు దొరికాడని మా ఆవిడ మురిసిపోయేది. కింద ముందుగదిలో నా డీటీపీ షాపు. పెళ్ళికార్డులు, లీడర్ల పుట్టినరోజులు, శ్రద్ధాంజలులు. పేటలో ఎవరు పుట్టినా పోయినా నా కంప్యూటర్ మీదుగానే వెళ్ళాలని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

కరోనా వచ్చిన ఎండాకాలం మా వీధిని రెడ్ జోన్ అన్నారు. రెండు కొసలా వెదురు బొంగులు అడ్డం కట్టేశారు. పాల ప్యాకెట్లు కూడా ఆ బొంగుల సందులోంచే అందుకోవాలి. రేకుల గది మధ్యాహ్నానికి పెనంలా కాలేది. కిందికొచ్చి కూర్చోమంటే, తనవల్ల మాకేమన్నా అవుతుందేమోనని రానన్నాడు. అలాంటి ఒక రోజు వాళ్ళమ్మ పోయిందని కబురొచ్చింది. విమానాలు లేవు. విమానం దాకా ఎందుకు, వీధి చివరికి పోవడానికే లేదు. అటూ ఇటూ నడిచే అతని అడుగుల చప్పుడు మూడు రోజులు మా నెత్తిమీద వినిపిస్తూనే ఉంది. మాకూ అన్నం సయించలేదు.

నాకు తెలిసిన మర్యాద ఒకటే. ఆమె ఫోటో, పేరు పంపమని ఫోన్లో అడిగి, శ్రద్ధాంజలి పటం తయారుచేశాను. అటో దీపం, ఇటో దీపం, తామరపూలు, నడుమ ఆమె, కింద పేరు. పేరు చివర ఒక చిన్న డబ్బా వచ్చింది. వాళ్ళ అక్షరాలన్నీ కాళ్ళూ చేతులూ ఉన్న బొమ్మల్లా ఉంటాయి కదా, ఇదీ ఒకటి కాబోలనుకుని, మిగతావాటి సరసన చక్కగా సర్ది, బంగారు రంగు కూడా వేశాను. ఫాంట్ లేకపోతే అక్షరం బదులు డబ్బాలొస్తాయని ముప్పై ఏళ్ళు గిరాకీలకు పాఠం చెప్పినవాణ్ణి నేనే. మా ఆవిడ కనకాంబరాల దండ కట్టింది. ఇద్దరం మెట్లెక్కి వెళ్ళి అతని చేతికిచ్చాం.

అతను పటం అందుకుని, పేరు చివర వేలు పెట్టాడు.

"అన్నా, ఈ డబ్బా మా అక్షరం కాదు. అసలు అక్షరం లేకుంటే ఇది మా అమ్మ పేరే కాదు" అన్నాడు.

అది వాళ్ళ గురాగే భాష అక్షరమట. ఆ లిపిలో మిగతా అక్షరాలకు కంప్యూటర్లలో ఎప్పుడో చోటిచ్చారు గానీ దీనికి ఇంకా ఇవ్వలేదట. వాళ్ళ ఊరి మాస్టారొకాయన తయారుచేసిన ఫాంట్ ఉన్నచోటే కనిపిస్తుందట. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ ఫాంట్ పంపిస్తే మళ్ళీ ప్రింట్ తీస్తానన్నాను. అతను వద్దని, మార్కర్ పెన్ను తీసుకుని, ఆ డబ్బా లోపలే అక్షరం రాశాడు.

"ఇట్లనే ఉండనీలే అన్నా. నేనూ డబ్బాలాంటి ఈ గదిలోనే ఉండా కదా. అమ్మ కూడా నాతోనే ఉండాది."

అప్పుడు ఏడ్చాడు. మేమూ ఏడ్చాం.

ఇప్పుడు కూతురికి ఆ నాయనమ్మ పేరే పెట్టుకున్నాడు. ఏ ఫాంటూ ఎక్కించని నా మామూలు ఫోన్లో ఆ అక్షరం నిండుగా కనిపించింది, చుట్టూ డబ్బా లేకుండా. మధ్యలో ఎప్పుడో దానికీ చోటిచ్చారట. మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, పాపనూ అక్షరాన్నీ మార్చిమార్చి చూసింది. కాలం ఎన్ని బొంగులు విప్పితే మాత్రమేం, అమ్మ పోయిన ఆ మూడు రోజుల్లో అతను వాళ్ళ ఊరు చేరుకోలేడు.