వెనక్కి చూడని సార్

నారాయణఖేడ్‌లో మా పీఈటీ సార్ ఫోన్‌లో చూసి మాకు అమెరికా ఫుట్‌బాల్ నేర్పాడు. బంతి చంకలో పెట్టుకుని పరుగెత్తేది నేనొక్కణ్ణి. మిగతావాళ్ళు నా ముందు వంగి, ఎదుటి జట్టును భుజాలతో నెట్టి దారి చెయ్యాలి. పాఠమంతా ఒకటే మాట: "ఎన్కకు సూడకుర్రి! ఎన్క మనోడు వస్తుండని నమ్మాలె."

కల్హేర్ జట్టుతో మ్యాచ్ రోజు మావాళ్ళు ఆ మాట తు.చ. తప్పలేదు. ఎదుటివాళ్ళను నెట్టుకుంటూ చివరి గీత దాకా పోయారు. పక్కనే సార్ కూడా అరుస్తూ పరుగెత్తాడు. నేనేమో రెండో అడుగులోనే కాలు మడతపడి కూలబడ్డాను. పక్కకు తప్పుకున్న కల్హేర్ వాడొకడు నా చేతిలోంచి జారిన బంతి తీసుకుని, ఖాళీగా ఉన్న మా వైపు గీతను తీరిగ్గా నడిచి దాటాడు.

ఓడినా సార్ మొహం వెలిగిపోతోంది.

"తొవ్వ ఎట్ల చేసినమో సూసినవా?" అని నన్నే అడిగాడు.

"సూడలే సార్, పడిపోయిన."

"అయ్యో, మస్తుండెరా!" అని జాలిపడ్డాడు.

బదిలీ అయిన రోజు బస్టాండు రద్దీలో భుజం వంచి, దారి చేసుకుంటూ బస్సెక్కాడు. దండ పట్టుకుని మేము వెనకాలే పరుగెత్తాం. బస్సు కదిలింది. ఆయన వెనక్కి చూడలేదు. మేం వస్తున్నామని నమ్మే ఉంటాడు.