యిమ్ మాస్టారి నాలుగు మాటలు

ఎవరేం చేసినా, చెయ్యకపోయినా క్షమించెయ్యడం యిమ్ మాస్టారి జబ్బు. అదీ మామూలుగా కాదు. కుర్చీ వెనక్కి జరిపి, లేచి నిలబడి, కోటు గుండీ పెట్టుకుని, "గేయ్ వాంగ్ బాత్ గౌ" అని ప్రకటించేవారు. జరిగిపోయినదానికి తప్పు పట్టను అని అర్థం. రాజుల సంధిపత్రాల్లో ఉండాల్సిన ఆ మాటను ఆయన శామ్ షుయ్ పో పేట వీధుల్లో ఉచితంగా పంచిపెట్టేవారు. భుజం మీద రెట్ట వేసిన పావురాన్ని కూడా క్షమించారు, అది ఎగిరిపోయేదాకా నిలబడి.

చిక్కేమిటంటే, అక్కడివాళ్ల కాంటనీస్ భాషలో 'బాత్ గౌ' అంటే 'చాలదు' అని కూడా వినిపిస్తుంది. బస్సులో ఆయన కాలు తొక్కిన ఒకావిడ, "చాలదా? ఇంకోసారి తొక్కమంటారా?" అని మీదికొచ్చింది. ఆవిడనూ క్షమించబోయారు గానీ, ఈలోగా స్టాపు వచ్చేసింది.

టీ హోటల్ నడిపే లాయ్‌ఫన్‌కి ఇదంతా వింత.

"మాస్టారూ, మీకసలు కోపమే రాదా?"

"ఎందుకు రాదమ్మా? అందుకేగా ఈ సాధన."

"పావురం మీద సాధనా?"

"అసలైనది వచ్చిననాడు నోరు తిరగాలి కదా!"

లాయ్‌ఫన్‌కీ ఒక అసలైనది ఉంది. ఆరేళ్ల కిందట చెల్లెలు లాయ్‌కుయెన్, అమ్మ చేసే బీఫ్ పులుసు గుట్టు ఎదురు హోటల్‌కి చెప్పేసి, అక్కడే వంటకి చేరింది. అప్పట్నించీ అక్కాచెల్లెళ్లకు మాటల్లేవు.

ఒక శనివారం పొద్దున ఆ చెల్లెలే వచ్చి మాస్టారి పక్కన కూర్చుంది. లాయ్‌ఫన్ తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తోంది. మాస్టారు ఇటు చూశారు, అటు చూశారు. చల్లారిన పాల టీ గ్లాసెత్తి, లాయ్‌కుయెన్ చొక్కా చేతి మీద నింపాదిగా ఒలకబోశారు.

"అయ్యయ్యో, తప్పయిపోయింది! గేయ్ వాంగ్ బాత్ గౌ అనమ్మా!"

"చాలదా?" లాయ్‌కుయెన్ బిత్తరపోయింది. "ఇంకా పోస్తారా?"

లాయ్‌ఫన్ ఉండబట్టలేక గుడ్డ విసిరేసి వచ్చింది. "చాలదు కాదే మొద్దూ! ఇక్కడ 'గౌ' అంటే తప్పు పట్టడం. నా మొహం చూసి విను. గేయ్ వాంగ్ బాత్ గౌ. జరిగిపోయినదానికి నిన్ను తప్పు పట్టను!"

తను ఏమందో లాయ్‌ఫన్‌కి అప్పుడు తెలిసింది.

"విన్నాను," అన్నారు మాస్టారు. "వెనక్కి తీసుకోవడానికి వ్యాకరణం ఒప్పుకోదు."

"మీరు కావాలనే ఒలకబోశారు!"

"పనిలో పనిగా నన్నూ క్షమించెయ్."

లాయ్‌కుయెన్ చొక్కా చెయ్యి పిండుకుంటూ, తలెత్తకుండానే అంది. "అక్కా, వాళ్లకి ఎండు నారింజ తొక్క సంగతి చెప్పలేదే. అదొక్కటీ దాచాను."

"అందుకా ఆ పులుసు అంత ఏడ్చినట్టుంటుంది!"

"నువ్వెప్పుడు తిన్నావ్?"

లాయ్‌ఫన్ చెవులు ఎర్రబడ్డాయి.

"బుధవారాలు," అంది, వంటింట్లోకి నడుస్తూ. "కూర్చో. గిన్నె తెస్తా."