కరెంటు వచ్చాక వచ్చే కబురు

మా తమ్ముడు పోయాడు. ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను దేవుడి గదిలో ఉన్నాను. అయినా నాకు పదే పదే గుర్తొచ్చేది ఆ రోజు కాదు, అంతకు కొన్ని వారాల ముందటి ఒక మామూలు ఉదయం.

భీమవరంలో మా ఇంటి ముందుగదే వాడి ఆఫీసు. రొయ్యల చెరువుల నీళ్ల పరీక్షల ఫైళ్లు ల్యాబుల నుంచి అక్కడి సర్వర్‌కు వస్తాయి. రైతులు ఫోన్లో చూసుకుంటారు. కరెంటు పోయి వస్తే కంప్యూటర్ వెలుగుతుంది గానీ, ఫైళ్లు అందుకునే సర్వర్ ప్రోగ్రామ్‌ను మాత్రం ఒక లైను టైపు చేసి లేపాలి. వాడు డయాలసిస్‌కు వెళ్లిన రోజుల్లో ఆ పని నాది. ఈలోగా రైతులు ఫోన్ చేస్తే, డయాలసిస్ సూది చేతికి గుచ్చి ఉన్నా, "చెప్పండి, ఇక్కడే ఉన్నానండి" అనేవాడు.

ఆ ఉదయం నేను కుందులు తోముతున్నాను.

"అక్కా, ఇవాళ్టితో నీ ఉద్యోగం పోయింది."

"జీతం ఇచ్చినవాడిలా చెబుతున్నావే."

"ఇక దానంతటదే లేస్తుంది, చూడు" అని ప్లగ్ పీకి మళ్లీ పెట్టాడు. సర్వర్ లేచింది, ఫైళ్లు రాలేదు. అవి దాచే డిస్కు తెరుచుకోకముందే లేచిందట. "నూనె పోయకుండా వత్తి వెలిగిస్తావా నువ్వు? దీనికీ వరస చెప్పాలి" అంటూ, డిస్కు తెరుచుకున్నాకే లేవమని రాశాడు. మళ్లీ పీకి పెట్టాడు. ఈసారి ఫైళ్లు వచ్చాయి. నా ఫోన్ మోగింది. సర్వర్ లేచినప్పుడల్లా దానంతటదే వెళ్లేలా వాడు రాసిపెట్టిన మెసేజ్.

"అక్కా, సర్వర్ లేచింది. కంగారు పడకు."

"ఎదురెదురుగా కూర్చుని మెసేజ్‌లేంటండీ?" అంది మరదలు వంటింట్లోంచి.

"నేను లేనప్పుడు పనికొస్తుందిలే."

డయాలసిస్ రోజుల గురించి అనుకున్నాం.

వాడి కర్మకాండలు ముగియకముందే ఒక పొద్దున కరెంటు పోయి వచ్చింది. మూసిన గదిలో కంప్యూటర్ ఫ్యాన్ గిర్రుమంది. నేను జపంలో ఉండగా, నా ఫోన్ మీద వాడి పేరు వెలిగింది. వాడి పాత సిమ్ ఆ కంప్యూటర్‌కే ఉంది మరి. "కంగారు పడకు." జపం ఎక్కడ ఆపానో మళ్లీ దొరకలేదు.

ఎవరికీ చెప్పలేదు. కరెంటు పోతే మాత్రం ఎదురుచూడడం మొదలుపెట్టాను.

మరదలికి ఆ ఫ్యాన్ చప్పుడే నరకమైంది. "ఆ గదిలో ఆయన లేచినట్టే ఉంటోంది వదినగారూ. తీయించెయ్యండి" అంది. తీసేస్తే రైతుల సంగతేంటి? రాజమండ్రి నుంచి చిన్న తమ్ముణ్ని రమ్మన్నాను.

ఆ సాయంత్రం ముగ్గురం ఆ గదిలో కూర్చున్నాం. "సర్వర్ ఉంచుదాం. మెసేజ్ ఆపేస్తాను పెద్దక్కా" అన్నాడు చిన్నవాడు, కంప్యూటర్‌లో అన్న రాసిపెట్టినవన్నీ చూసి.

"ఏం మెసేజ్?" అంది మరదలు. ఫోన్ ఇచ్చాను. ఒకదాని కింద ఒకటి, అదే మాట. చాలాసేపు చూసింది.

"నాతో ఎప్పుడూ అనలేదు ఈ మాట" అంది. ఫోన్ నాకు తిరిగిచ్చి, "ఆపకండి. నా నంబరుకి మార్చండి" అంది.

చిన్నవాడు నావైపు చూశాడు. తల ఊపాను.

"అక్కా అన్నది తీసెయ్యనా వదినా?"

"వద్దు. ఆయన రాసినట్టే ఉండనివ్వండి."

సర్వర్ అలాగే నడవాలని, గది తలుపు ఇక మూయకూడదని అనుకున్నాం. చిన్నవాడు ప్లగ్ పీకి మళ్లీ పెట్టాడు. ఫ్యాన్ తిరిగింది. నా చెయ్యి ఫోన్ మీదకు వెళ్లింది. అది మోగలేదు. మరదలి ఒళ్లో చిన్న వెలుగు వెలిగి, ఆమె ముఖం మీద పడింది.