టీవీలో పెళ్లిచీర అంచు

మా నాయన ధర్మవరంలో పట్టుచీరల అంచులకు గ్రాఫ్ గీసేవాడు. గళ్ల కాగితం మీద ఆయన ఏ గడిలో ఏ రంగు నింపితే, మగ్గం మీద ఆ పోగే లేచేది. తర్వాత ఆ పని కంప్యూటర్లు తీసుకున్నాయి. ఆ తర్వాత చూపు పోవడం మొదలైంది. కష్టాలు మా ఇంటికి వరుస తప్పకుండా వస్తాయి, తోసుకోవు.

హిందూపురం కంటి డాక్టరు నరం ఎండిపోతోందనీ, ఉన్న చూపు కూడా ఎక్కువ కాలం నిలవదనీ చెప్పాడు. తిరుగు బస్సు పెనుకొండ దాటింది. అప్పుడు నాయన, "మీ అమ్మ పెండ్లిచీర అంచు ఒకసారి గీయల్లప్పా" అన్నాడు. ఆయన గీసిన మొదటి అంచు అది. చీర ఎప్పుడో చీకిపోయింది, గ్రాఫును చెదలు తిన్నాయి. ఇక మిగిలింది ఆయన తలలోనే.

కాగితం మీద గళ్లు ఆయనకు కనబడటం లేదు. నా లాప్‌టాప్ ఇస్తే, "నా కూడు తినింది ఇదే గదా" అని ముట్టలేదు. హిందూపురంలో పాతసామాన్ల అంగడిలో సరదాకు కొన్న కంప్యూటర్ ఒకటి నా దగ్గరుంది. నేను పుట్టకముందుది. కీబోర్డే మిషన్, టీవీకి తగిలించాలి. తెర మీద ఒక్కో చుక్క శనగగింజంత. అది ఎవరి కూడూ తినేలా కనబడలేదు కాబట్టి నాయన ఒప్పుకున్నాడు.

బాణం మీటలు నొక్కుతూ చుక్క పక్కన చుక్క పెట్టాడు. హంసలు, వాటి మధ్య మామిడిపిందెలు. తెర మీద కొన్ని చుక్కలు కలిస్తే ఒక గడి అనీ, ఒక్కో గడిలో రెండు రంగులకు మించి పట్టవనీ నేను చెబితే, "మగ్గం గూడా ఇట్లే సతాయించేది" అని నవ్వాడు. చాన్నాళ్ల తర్వాత నవ్వాడు.

వంటింట్లోంచి అమ్మ, "నన్నెప్పుడన్నా ఇంతసేపు చూసినాడా ఈ మనిషి?" అనింది.

ఆ కాలపు మిషన్ బొమ్మను క్యాసెట్‌లోనే దాస్తుంది, దానికి టేపు రికార్డర్ కావాలి. దాని బెల్టు కరిగి జిగురైపోయింది, కొత్తది బెంగళూరు నుంచి రావాలి. అంతవరకు మిషన్ ఆపితే గీసిందంతా పోతుంది. ఇన్వర్టర్‌కు తగిలించాను. ఎవరూ స్విచ్చి ముట్టకుండా నాయనే కాపలా.

చివరి హంస మెడ మిగిలుండగా మా వీధిలోకి శవం వచ్చింది. శవం దాటేదాకా మా దగ్గర మగ్గం ఆడించరు. ఒక్కో ఇంట్లో చప్పుడు ఆగుతూ వచ్చింది. నాయన లేచి, స్విచ్చి ఆపి, వాకిట్లో చేతులు జోడించి నిలబడ్డాడు. మగ్గం ఆపితే చీర ఎక్కడికీ పోదు మరి.

నేను స్నానం చేసి వచ్చేసరికి టీవీ నల్లగా ఉంది.

"ఎందుకాపితివి నాయనా?"

"పీనిగ పోతాంటే ఆపకుండా..." అంటూనే స్విచ్చి వైపు తిరిగాడు.

"వీధిలో ఒకటి, ఇంట్లో ఒకటి. మనదానికి మోసేవాళ్ల ఖర్చు లేదు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

బెల్టు వచ్చింది. అప్పటికి శనగగింజంత చుక్క కూడా ఆయన కంటికి ఆనడం లేదు. మళ్లీ మొదటి నుంచి ఆయన చెబుతుంటే నేను చుక్కలు పెట్టాను. "కింద ఎరుపు. పక్కన ఒకటి వదిలెయ్. ఆడ పసుపు." నా చేతిలో హంసలు బాతులయ్యాయి.

"ఎట్లుండాదిమే?" అని అమ్మను అడిగాడు.

అమ్మ బాతుల వైపు చూసి, "అట్లే ఉండాది. అచ్చం" అనింది.

నాయన నమ్మలేదు. దగ్గరికి జరిగి, తెర మీద వేళ్లు పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తడిమాడు. చీరైతే జరీ వేలికి తగిలేది.

"గాజప్పా ఇది. అంతా ఒకటే" అని చెయ్యి తీసేశాడు.